గొడుగు కింద కాళ్ళు

ఒక మనిషి తన సొంత ఇంట్లో ఏ గదిలో నడవాలో, ఏ గదిలో నడవక్కర్లేదో, ఆ మనిషిని పక్కనే కూర్చోబెట్టుకుని, ఆ మనిషిని తప్ప మిగతా అందరినీ అడిగి తేల్చడం మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. కాకినాడ రామారావుపేటలో, మా అత్తవారింట్లో, ఒక ఆదివారం పొద్దున్న పెసరట్లు తింటూ తేల్చారు. ఆ పెసరట్లు వేసింది నేనే. నా కోపంలో కొంత పొయ్యి వేడి కూడా ఉందని ఎవరైనా అంటే అననివ్వండి, నేను కాదనను.

మా అత్తగారి పేరు మాణిక్యాంబ. అరవై దాటిన మనిషి. సామర్లకోట రోడ్డులో ఆటో తిరగబడి వెన్నుపూస నలిగింది. ప్రాణం దక్కింది కానీ నడుం కింద నుంచి కాళ్ళు ఉన్నా లేనట్టే అయ్యాయి. చక్రాల కుర్చీ వచ్చింది. కుర్చీ వచ్చాక ఆవిడ మాట కూడా తగ్గిపోయింది, ఏదడిగినా "మీ ఇష్టం" అనడం మొదలుపెట్టింది. విశాఖపట్నంలో ఒక నాడీ పరిశోధనశాల 'వారధి' అనే ప్రయోగానికి మనుషుల కోసం చూస్తోందని తెలిసి, ఇంట్లో వాళ్ళు ఔనూ కాదూ అనేలోపే నేను ఆవిడ పేరు రాయించేశాను.

ఆపరేషన్ అయిన కొన్ని వారాలకి ఆవిణ్ణి పరిశోధనశాలలో ఒక పెద్ద హాల్లోకి తీసుకొచ్చారు. చెవి వెనక ఎముక కింద గోరంత చిప్పు, నడుముకి వెడల్పాటి బెల్టు. పైకప్పుకి తెల్లగా, గుండ్రంగా వరసగా బిగించిన పళ్ళేలు. పక్కగదిలో చిన్న ఫ్రిజ్జంత కంప్యూటరు.

"లేవాలనుకోండమ్మా, చాలు," అంది డాక్టర్ శశిరేఖ. వారధి ఆవిడ కనిపెట్టిందే.

"అనుకోవడమేనా?" అంది అత్తగారు. ఏదో తప్పు చేస్తున్నట్టు నావంక చూసింది. తరవాత లేచింది.

ఎవరూ పట్టుకోలేదు. కుడి కాలు వేసింది, ఎడమ కాలు వేసింది, ఆ హాలు ఆ చివరిదాకా వెళ్ళింది. నేను గోడకి జారబడి ఏడ్చాను. ఆ చివర ఒక ఇనప బీరువా ఉంది. దాని వెనక్కి తిరిగేసరికి ఆవిడ కాళ్ళు ఠక్కున ఆగిపోయాయి, బెల్టు మోకాళ్ళని బిగించి నిలబెట్టేసింది. డాక్టరు వెళ్ళి చెయ్యి పట్టుకుని బీరువా ఇవతలకి లాగితే కాళ్ళు మళ్ళీ కదిలాయి.

"ఆ పళ్ళేనికి మీరు కనపడాలమ్మా," అంది డాక్టరు. "మీ తలలో అనుకున్నది ఆ పళ్ళెం వింటుంది, కంప్యూటరుకి చెప్తుంది, కంప్యూటరు అర్థం చేసుకుని మళ్ళీ మీ బెల్టుకి చెప్తుంది. ఇదంతా రెప్పపాటు కంటే తక్కువలో జరగాలి. గోడ అడ్డొస్తే మాట అందదు."

"అంటే ఈ గొడుగు కింద ఉన్నంతసేపే కాళ్ళన్నమాట," అంది అత్తగారు. అప్పటినుంచి అందరం వాటిని గొడుగులనే అన్నాం.

ఇంటికి పంపేముందు డాక్టరు మమ్మల్ని ముగ్గుర్నీ, అంటే మావగారిని, మా ఆయన విశ్వాన్ని, నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "కంప్యూటరూ, ఎనిమిది గొడుగులూ మేమిస్తాం. గదికొక గొడుగు పెట్టుకోండి. గొడుగులన్నిట్నీ కంప్యూటరుతో కలిపే నెట్‌వర్క్ స్విచ్చు, కేబుళ్ళు మీరు కొనుక్కోవాలి. మంచిది కొనండి. ఆవిడ కాళ్ళు అందులోంచే వెళ్తాయి."

నేను పనిచేసేది ఒక బ్యాంకు నెట్‌వర్కు విభాగంలో. నెట్‌వర్క్ స్విచ్చంటే దీపం ఆర్పేది కాదు, గదుల్లోంచి వచ్చే కేబుళ్ళన్నీ చేరే పెట్టె. పాతకాలం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చున్న అమ్మాయిలా ఎవరి మాట ఎవరికి చేరాలో చూసి పంపుతుంది. నేను రోజూ అన్నం తినేది ఆ పెట్టెల మీదే. కాబట్టి ఏ స్విచ్చు కొనాలో నన్నడుగుతారనుకున్నాను. ఎంత అమాయకురాలినో చూడండి.

ఆ ఆదివారం పెసరట్ల దగ్గర మావగారు సభ తీర్చారు. సూర్యప్రకాశరావుగారు కరెంటాఫీసులో ఏ.ఈ.గా చేసి రిటైరయ్యారు. తీగ అన్నది ఇంట్లో ఎక్కడ కనపడినా అది ఆయన శాఖ కిందికే వస్తుంది.

"పదహారు పోర్టులది, అంటే పదహారు కేబుళ్ళు పట్టేది తీసుకుందాం మావయ్యగారూ," అన్నాను. "మేనేజ్డ్ స్విచ్చు. ఎక్కడైనా తేడా వస్తే అదే కనిపెట్టి, ఆ ఒక్క పోర్టూ మూసేసి మిగతావాటిని కాపాడుతుంది."

"ఫ్యానుంటాదా అందులో?"

"ఉంటుందండి, వేడెక్కకుండా."

"చప్పుడూ?"

"కొంచెం ఉంటుంది."

"మధ్యాన్నం నేను కాసేపు నడుం వాల్చేది కంప్యూటరు పెట్టే గదిలోనే కదమ్మా," అన్నారు మావగారు.

అయిపోయింది. అత్తగారి కాళ్ళు తక్కెట్లో ఒకవైపు, మావగారి కునుకు ఇంకోవైపు వేస్తే కునుకే బరువు తూగింది. మా ఆయన ఫోను తీసి చూపించాడు. "ఎనిమిది పోర్టులది ఉంది నాన్నా. ఫ్యాను లేదు, చప్పుడు లేదు. స్పీడు మాత్రం అదే, పది గిగాబిట్లు. రివ్యూలన్నీ బాగున్నాయి. మేనేజ్డూ గీనేజ్డూ మనకెందుకు, ఇదేమన్నా బ్యాంకా?"

"బ్యాంకులో డబ్బు నడుస్తుంది. ఇక్కడ మీ అమ్మ నడవాలి," అన్నాను.

"అలా అంటే ఏం చెప్తాం," అన్నాడు. ఏం చెప్పలేని మనిషి చెప్పకుండా ఊరుకోవచ్చు. ఆ ఎనిమిది పోర్టులదే ఆర్డరు పెట్టేశాడు.

తరవాత అసలు పంపకం. మావగారు వేళ్ళు మడుస్తూ లెక్క చెప్పారు. కంప్యూటరుకి ఒక పోర్టు. గొడుగులు వంటింట్లో ఒకటి, గిన్నెలు తోమే పెరట్లో ఒకటి, దేవుడి గదిలో ఒకటి, పడగ్గదిలో ఒకటి, బాత్రూములో ఒకటి. ఆరు పోర్టులయ్యాయి.

"ఇంకో రెండున్నాయి కదండీ. హాల్లో ఒకటి, వీధరుగు మీద ఒకటి పెడదాం," అన్నాను.

"ఆ రెండూ స్పేరు," అన్నారు. "ఏ బోర్డులోనైనా రెండు స్పేరుండాలి. స్పేరు లేకుండా బోర్డు కట్టినోడికి నేను మెమో ఇచ్చేనమ్మా సర్వీసులో."

"మరి అత్తయ్యగారు హాల్లోకి ఎలా వస్తారు?"

"కుర్చీ ఉంది కదా."

నేను అత్తగారి వైపు తిరిగాను. "మీరు చెప్పండి అత్తయ్యగారూ."

"నాకేం తెలుసమ్మా. మావయ్యగారు చెప్పినట్టే కానియ్యండి," అంది, పెసరట్టు ముక్క అల్లంపచ్చట్లో అద్దుకుంటూ.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. మావగారు చెడ్డవారు కాదు. భార్య మంచాన పడ్డప్పుడు ఆయన చేసిన సేవ నేను కళ్ళారా చూశాను. కానీ ఆవిడకి బాగవడమంటే ఆయన మనసులో ఒకటే అర్థం, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళడం. ఆ అర్థం ఆయనకి ఎంత సహజంగా తోచిందంటే, దాన్ని ఎవరైనా ప్రశ్నిస్తారని కూడా అనుకోలేదు. నా ఒళ్ళు మండింది దానికే.

బిగింపు మొదలయ్యాక నేను గెలిచింది కేబుళ్ళ దగ్గర మాత్రమే. గోడ పైపుల్లో ఎప్పుడో ఇంటర్నెట్టుకి వేసిన పాత కేబులుంది, అదే వాడేద్దామన్నారు తండ్రీకొడుకులు. అది ఈ వేగంలో పదో వంతుకే ఆయాసపడుతుందని, కావాలంటే వంటింట్లో అత్తగారు ఒక కాలు గాల్లో పెట్టి ఎంతసేపు నిలబడగలరో మీరే చూడండని బెదిరించాను. ఎలక్ట్రీషియన్ని పిలిపించి, పాతదాన్ని లాగించి, దాని వెంటే కొత్త మందపాటి కేబులు ఎక్కించాను. స్విచ్చు మావగారు పడుకునే గదిలో కంప్యూటరు పక్కన కూర్చుంది, నిజంగానే చప్పుడు లేదు. మిగిలిన మూడు గొడుగులూ అట్టపెట్టెతో సహా అటకెక్కాయి.

మా ఇంట్లో పడగ్గది, దేవుడి గది, వంటిల్లు, పెరడు రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మొదటిరోజు అత్తగారు మంచం మీంచి లేచి, ఆ వరస పట్టుకుని నడిచి వెళ్ళి కాఫీ కలిపింది. మావగారు ఆ గ్లాసు రెండు చేతులతో పుచ్చుకుని కళ్ళు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. ఆ కాఫీ ఆవిడే తెచ్చి హాల్లో ఇవ్వలేదని, ఆయనే పడగ్గదిలోకి వెళ్ళి తాగారని నేను తప్ప ఎవరూ గమనించలేదు.

రోజులు గడిచాయి. వంట, పూజ, గిన్నెలు, మంచం. ఆవిడ ప్రపంచం ఆ నాలుగు గదులంత. ఒకరోజు ఎదురింటి చిట్టెమ్మగారు ములక్కాడలు పట్టుకుని గేటు దగ్గరికొచ్చి, "మాణిక్యం, ఏం చేస్తన్నావ్?" అని పిలిచింది. అత్తగారికి ఆ గొంతు వినగానే ఎక్కడలేని హుషారు వచ్చింది. పడగ్గదిలోంచి గబగబా నడుచుకుంటూ వచ్చింది. హాలు గడప దగ్గర బెల్టు బిగుసుకుంది. అక్కడ పాతిన గుంజలా నిలబడిపోయింది. నేను వెళ్ళి వెనక్కి లాగి, కుర్చీలో కూర్చోబెట్టి, తోసుకుంటూ వీధి గుమ్మం దాకా తీసుకెళ్ళాను.

"నడుస్తన్నావన్నారు, ఏదీ?" అంది చిట్టెమ్మగారు, కుర్చీవంక చూస్తూ.

"నడుస్తున్నానండి," అంది అత్తగారు. "లోపల."

ములక్కాడలు ఒళ్ళో పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు ఆ పూట అన్నం సయించలేదు. నడిచే మనిషిని ఊరికి కుర్చీలో చూపిస్తూ, ఎవరూ చూడని పొయ్యి దగ్గర కాళ్ళిచ్చాం. ఇంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది? ఆ రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ అటక మీది గొడుగుల మాటెత్తాను. "చూద్దాంలే, వర్షాలు తగ్గనీ," అన్నాడు మా ఆయన. హాల్లో వర్షం ఎప్పుడు పడిందో నాకు తెలీదు.

ఆ వారంలోనే పరిశోధనశాల నుంచి టెక్నీషియన్ జోగేశ్వర్ వచ్చి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూశాడు. తన లాప్‌టాప్‌ని మూరెడు కేబులుతో స్విచ్చుకి తగిలించి పరీక్ష చేశాడు. వెళ్ళేటప్పుడు లాప్‌టాప్ తీసుకున్నాడు, కేబులు మర్చిపోయాడు. దాని ఒక కొస స్పేరు పోర్టులో ఉంది, ఇంకో కొస వేలాడుతోంది.

మర్నాడు పొద్దున్న మావగారు ఆ గది దులుపుతున్నారు. నేను ఆఫీసుకి తయారై హాల్లో జడ వేసుకుంటున్నాను. అత్తగారు వంటింట్లో గంజి వారుస్తోంది. ఆవిడ కుక్కరు అన్నం ఒప్పుకోదు, మెతుకు మెతుకు విడిపోవాలి.

"అమ్మాయ్," అని వినపడింది. అరుపు కాదు. మామూలు కంటే మెల్లగానే అంది. "హైమా, కాలు ఆగట్లేదు."

పరిగెత్తి చూశాను. ఆవిడ కుడి కాలు ముందుకి పడుతోంది. గట్టు అడ్డంగా ఉంది, వెళ్ళడానికి చోటు లేదు, అయినా పడుతోంది. మళ్ళీ పడుతోంది. మోకాలు గట్టుకి కొట్టుకుంటోంది, మళ్ళీ లేస్తోంది. చేతిలో గిన్నె ఒరిగి, మరిగే గంజి ముంజేతి మీద, తొడ మీద పడుతోంది. వదిలేసి వెనక్కి తగ్గాలని ఆవిడ మొహంలో కనిపిస్తోంది. కాళ్ళు ఆవిడ మాట వినడం లేదు.

నేను ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు. వెనక్కి తిరిగి మావగారి గదిలోకి పరిగెత్తాను. "అమ్మ అక్కడుంటే నువ్వెక్కడికి?" అని మా ఆయన అరుస్తూనే ఉన్నాడు. స్విచ్చు మీద దీపాలన్నీ పూనకం వచ్చినట్టు కొట్టుకుంటున్నాయి. ప్లగ్గు పీకేశాను. వంటింట్లో బెల్టు మోకాళ్ళని బిగించి ఆవిణ్ణి ఆపేసిన చప్పుడు వినపడింది.

జరిగింది ఇది. మావగారు వేలాడే కొస చూశారు. పక్కన ఖాళీ పోర్టు చూశారు. తీసుకెళ్ళి అందులో గుచ్చారు. ఒకే కేబులు రెండు కొసలూ ఒకే స్విచ్చులో ఉంటే ఒక పోర్టులోంచి వెళ్ళిన మాట ఇంకో పోర్టులోంచి వెనక్కొస్తుంది. అత్తగారు ఏ గదిలో ఉందో స్విచ్చుకి తెలీదు కాబట్టి కాళ్ళకి చెప్పే ప్రతి మాటనీ అన్ని గొడుగులకీ పంపుతుంది. వెనక్కొచ్చిన మాటని కొత్త మాటే అనుకుని మళ్ళీ అందరికీ పంపుతుంది. అది మళ్ళీ తిరిగొస్తుంది. 'ఒక అడుగు ముందుకి' అని ఆవిడ మెదడు ఒక్కసారి అన్న మాట ఆ పెట్టెలో గిరగిరా తిరుగుతూ వేలసార్లు ఆవిడ కాలికి చేరింది. 'ఆగు' అన్న మాటకి అందులో చోటు లేదు. నేను అడిగిన స్విచ్చయితే మొదటి చుట్టులోనే ఆ పోర్టు మూసేసేది. కానీ దానికి ఫ్యానుంది కదా.

ఆస్పత్రి వరండాలో తిలా పాపం తలా పిడికెడు పంచుకునే కార్యక్రమం మొదలైంది. "నాసిరకం స్విచ్చు," అన్నారు మావగారు. "జోగేశ్వర్ కేబులు వదిలేసి వెళ్ళడమేంటి?" అన్నాడు మా ఆయన.

"మీరెందుకు గుచ్చారండీ దాన్ని?" అని నేను మావగారినే అడిగాను.

"వేలాడే కొసని అలా వదిలెయ్యకూడదమ్మా," అన్నారు. "ఎవడో ఒకడు పట్టుకుని పోతాడు. సర్వీసంతా మావోళ్ళకి అదే చెప్పేను. కనపడితే కట్టెయ్యండ్రా అని."

అది కరెంటు తీగ కాదని, అక్కడ వదిలేస్తేనే క్షేమమని నన్నడిగితే చెప్పేదాన్ని. అడగడానికి గదిలోంచి హాల్లోకి పది అడుగులు. ఆయన నాకు కొత్త చీర కొన్నప్పుడు రంగు అడుగుతారు, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతారు. నాకు బాగా తెలిసిన ఒక్క విషయం మాత్రం అడగరు.

ఇంతలో మా ఆయన కట్లు కట్టించుకుని బయటికొచ్చిన తల్లితో అన్నాడు, "పొద్దున్నే గంజి వార్చడం ఎందుకమ్మా, కుక్కరుంది కదా?"

నేను ఇంక ఊరుకోలేకపోయాను. "ఆవిడ కాళ్ళెక్కడ ఆడాలో మీరు నిర్ణయించారు. ఇప్పుడు చేతులేం చెయ్యాలో కూడా మీరే చెప్తారా? పొయ్యి దగ్గర నిలబెట్టింది మీరు. అక్కడ మనిషి గంజి వార్చక పద్యాలు చదువుతుందా?" వరండాలో జనమంతా మావైపు చూశారు. చూడనీ. అత్తగారు మాత్రం ఎవరివైపూ చూడకుండా తన కాళ్ళవంక చూసుకుంటూ కూర్చుంది.

కాలిన చోట్లు మానాక విశాఖపట్నం వెళ్ళాం. అదే హాలు, అవే గొడుగులు. "లేవాలనుకోండమ్మా," అంది డాక్టర్ శశిరేఖ. అత్తగారు లేవలేదు. చేతులు కుర్చీ పిడుల్ని గట్టిగా పట్టుకున్నాయి.

"భయమేస్తోందమ్మా," అంది. "నేను అనుకోనివి కూడా చేస్తాయి అవి."

డాక్టరు పక్కనే నేలమీద కూర్చుని, ఏ గొడుగు ఎక్కడుందో నన్ను అడిగింది. చెప్పాను. మూడు అటక మీద ఉన్నాయని కూడా చెప్పాను. డాక్టరు లేచి నిలబడింది. తరవాత మావగారివైపు తిరిగింది.

"నా చిన్నప్పుడు మా నాన్న చెట్టుమీంచి పడి మంచాన్నే పోయాడండీ. అందుకే నా వయసంతా దీనికి పెట్టాను. మీకు వంటమనిషిని తయారుచేసి ఇవ్వడానికి కాదు," అంది. "ఇంకొక్క ప్రమాదం జరిగితే మా కమిటీ ఒప్పుకోదు. బెల్టు వెనక్కి తీసుకుంటాం. అప్పుడు ఆవిడకి ఆ నాలుగు గదులూ ఉండవు."

మావగారు తల వంచుకున్నారు. డాక్టరు మళ్ళీ అత్తగారివైపు తిరిగి, "మీకెక్కడ నడవాలనుందమ్మా?" అని అడిగింది.

అత్తగారు నోరు తెరిచి, మామూలుగా అనే మాట అనబోయి ఆగిపోయింది. "ఇప్పటిదాకా ఎవరూ అడగలేదమ్మా. ఆలోచించుకుని చెప్తాను," అంది. కాకినాడ వచ్చేదాకా కారు అద్దంలోంచి బయటికి చూస్తూనే ఉంది. తుని దగ్గర పొలాల గట్ల మీద నడిచిపోతున్న వాళ్ళని తల తిప్పి తిప్పి చూసింది.

ఈసారి స్విచ్చు నేనే కొన్నాను, ఎవర్నీ అడగలేదు. పదహారు పోర్టులు, వెనకాల రెండు ఫ్యాన్లు. పెట్టగానే ఆ గదిలో హోరు మొదలైంది. మావగారు చాపా దిండూ పట్టుకుని హాల్లోకి మారిపోయారు. ఒక పూటంతా కూర్చుని దాన్ని సర్దాను. కాళ్ళ మాట ముందు, మిగతావన్నీ తరవాత అని చెప్పాను. ఏ పోర్టులోంచైనా తన మాట తనకే తిరిగొస్తే ఆ పోర్టు మూసెయ్యమని చెప్పాను. అటక మీంచి మూడు గొడుగులూ దింపించి హాల్లో, అరుగు మీద, గేటు దగ్గర పెట్టించాను. మొత్తం ఎనిమిది.

పరీక్ష చెయ్యాలి. జోగేశ్వర్ వదిలేసిన మూరెడు కేబులు తీసుకుని అత్తగారితో అన్నాను, "మీరు మంచం మీద కూర్చోండి. నేను కావాలనే అప్పటి తప్పు చేస్తాను. ఏమవుతుందో చూద్దాం."

"కూర్చుంటే ఏం తెలుస్తుంది? నిలబడతాను," అంది.

"వద్దమ్మా," అన్నాడు మా ఆయన.

"కాళ్ళు నావి కదరా," అంది అత్తగారు. లేచింది. కాలిన మచ్చలున్న చెయ్యి గోడకి ఆనించింది, మళ్ళీ తీసేసింది. "చెయ్యి హైమా."

నావి బ్యాంకులో వందల పెట్టెలు బిగించిన చేతులే, అయినా ఏ పోర్టో రెండుసార్లు చూసుకున్నాను. ఒక కొస గుచ్చాను, రెండో కొస గుచ్చాను. ఒక పోర్టు మీద దీపం నారింజరంగుకి మారి నిలిచిపోయింది. మిగతావి ఎప్పట్లాగే ఆకుపచ్చగా ఆడుతున్నాయి. తల తిప్పి గుమ్మంలోంచి పడగ్గదిలోకి చూశాను. అత్తగారు నిలబడే ఉంది. ఒక అడుగు వేసింది, ఆగమనుకుంది, ఆగింది. మళ్ళీ వేసింది, మళ్ళీ ఆగింది. ఆగినప్పుడల్లా ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నడిచినందుకు ఆవిడ ఎప్పుడూ ఏడవలేదు, ఆగగలిగినందుకు ఏడ్చింది.

"హమ్మయ్య," అన్నారు మావగారు. "ఇంక ఇల్లంతా తిరగొచ్చు. హాల్లోకీ రావొచ్చు, గేటు దాకా వెళ్ళొచ్చు. అన్నీ అయిపోయినట్టే." ఆయన మొహం నిజంగా వెలిగింది. చేసిన తప్పు దిద్దుకున్నానన్న తృప్తి.

"ఇంకోటుంది," అంది అత్తగారు.

అందరం ఆవిడవైపు చూశాం. ఆవిడ మాత్రం నాతోనే అంది. "వంటింట్లో గొడుగు తీసెయ్యి. పెరట్లోది కూడా. తీసి ప్రహరీ గోడ రెండు మూలలా పెట్టు. ఒకటి చిట్టెమ్మగారింటి వైపు, ఒకటి రోడ్డు వైపు."

"బయట ప్రహరీ మీదా?" అన్నాడు మా ఆయన.

"పెరట్లోదానికి వాన పడకుండా డబ్బా కట్టారు కదా, రెండోదానికీ కట్టండి."

మావగారికి ఇంకా అర్థం కాలేదు. "పోర్టులు బోలెడున్నాయి కదే. కావాలంటే డాక్టరుగారిని ఇంకో రెండు గొడుగులడుగుదాం. వంటింట్లోవి తియ్యడమెందుకూ?"

"అక్కడ నాకు కాళ్ళు వద్దు," అంది అత్తగారు.

మావగారు ఆవిణ్ణి చూశారు, వంటింటి వైపు చూశారు. "మరి వంట?" అన్నారు. ఆ మాట అంటూనే ఆయన చూపు మెల్లగా నా మీదికి వచ్చింది. నేను నోరు తెరవబోయాను.

"దానివంక చూడకండి," అంది అత్తగారు. "మీ కాళ్ళకి స్విచ్చక్కర్లేదు కదండీ."

ఆ మాటలో కోపం లేదు. నేను ఇన్నాళ్ళూ కేకలేసి సాధించలేనిది ఆవిడ పొడుగ్గా కూడా మాట్లాడకుండా సాధించింది. నేను స్టూలెక్కి వంటింటి గొడుగు విప్పాను. మా ఆయన కిందనుంచి అందుకున్నాడు. తల్లివైపు చూడలేక గొడుగు మీది జిడ్డు మసి చొక్కా అంచుతో తుడుస్తూ నిలబడ్డాడు.

సాయంత్రానికి ప్రహరీ మూలల్లో రెండూ బిగిశాయి. అత్తగారు చీర మార్చుకుని, తల దువ్వుకుని, హాలు దాటింది. అరుగు మెట్లు దిగింది. గేటు తీసుకుని వీధిలోకి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళబోతే చేత్తో వారించింది. ఎదురుగా చిట్టెమ్మగారు ముగ్గు గిన్నె పట్టుకుని అలా నిలబడిపోయింది.

అప్పుడు వంటింట్లోంచి మావగారి గొంతు వినపడింది. "ఏమేవ్, ఉప్పెక్కడుందే?"

అత్తగారు వినపడనట్టు ఊరుకోలేదు. వీధి మధ్యలో ఆగి, ఇంటివైపు తిరిగి, అందరికీ వినపడేలా చెప్పింది.

"అక్కడే ఎక్కడో ఉంటుంది. వెతుక్కోండి."

తిరిగి నడక సాగించింది.